ఇరవై మూడు కట్టెలు

నంద్యాల, నూనెపల్లె
9-7-2001

వదినకు,

దండం. బాగుండావా, ఆడ వానలు పడినాయా అని చివర్లో అడుగుతా. ముందు విషయం.

నిన్న మీ చిన్నాయన ఆంజనేయులు మామ ఇంటికొచ్చినాడు. వచ్చే కార్తీక శుద్ధ దశమికి మీ తమ్ముడు కొండకు పోయి ఏడేండ్లు నిండుతాయంట. ఏడేండ్లు కనపడని మనిషిని పోయినట్లే అనుకోవాలంట. దర్భలతో బొమ్మ చేసి, దానికి నిప్పు పెట్టి, పదకొండు దినాలు చేసి, నా బొట్టు తీసేయాలంట. పంచాంగం గూడా సంకలో పెట్టుకొనే వచ్చినాడు మహానుభావుడు. కాఫీ ఇచ్చి, "మామా, దశమి దాకా ఆగు" అన్న్యా. "ఏంటికి?" అన్న్యాడు. "మీ అన్న కొడుకు నడిచిన దావంతా నేను నడవాల. ఒక్క దినంలో, ఆయన నడిచినట్లే నడవాల. ఆడ ఏమీ దొరక్కపోతే అప్పుడు నీ బొమ్మకు నిప్పు పెట్టుకో" అన్న్యా. మామ కాఫీ సగం వదిలేసి లేచిపాయె.

నీకు తెలిసిందే. అయినా మళ్లీ రాస్తాండా, రాస్తేగానీ నా తలకాయలోకి ఎక్కదు. ఆ శనివారం నంద్యాల నుంచి ఇరవై రెండు మంది వ్యాన్‌లో అహోబిలం పోయిరి. ఆళ్లగడ్డ నుంచి నువ్వు కలిస్తివి. మొత్తం ఇరవై మూడు. నేను బయటున్నానని ఇంట్లోనే ఆగిపోతి. దిగినాక వ్యానోళ్లు ఆయన అక్క ఇంటికి పోయినాడు అనుకుండ్రి. నువ్వు వ్యాన్‌లో పోయినాడు అనుకుంటివి. నేను, ఆయన్ని నువ్వు వదిలిపెట్టలేదేమో, రెండు దినాలుండి వస్తాడులే అనుకుంటి. మూడో దినం గానీ మనిషి లేడని ఎవురికీ తెలియల్యా. తొమ్మిది దినాలు ఎతికిరి. ఒక్క చెప్పు దొరకలే.

వెంట పోయిన చెంచు పాపయ్య, దిగేటప్పుడు లెక్క చూసుకోవాల్సినోడు, "అందరూ దిగినారు" అని చెప్పి వ్యాన్ పంపించేసె. ఆయప్పను తిట్టుకోకుండా నేను ఈ ఏడేండ్లు ఒక ముద్ద మింగలే.

నువ్వు నాతో రావాల వదినా. పొద్దన ఎన్నింటికి మొదలుపెడితిరి, యాడ తింటిరి, నువ్వు ఆయన్ని కడాకు యాడ చూస్తివి, అన్నీ రాయి. ఆ పాపయ్యనే కుదుర్చు. వాడే నాకు దావ చూపించాల.

జయలక్ష్మి

వానలు పడినాయా?


ఆళ్లగడ్డ
27-7-2001

జయా,

నీ ఉత్తరం చదివి నెత్తి పట్టుకొని కూచున్న్యా. నీకేమన్న పిచ్చి లేసిందా ఏందీ? నలభై ఆరేండ్ల మనిషివి. అంగన్‌వాడీలో పిల్లోళ్ల ఎనక పరిగెత్తితేనే ఆయాసపడతావు. నువ్వు ఉగ్రస్తంభం ఎక్కుతావా?

ఆ దావ ఎట్లుంటాదో నీకు తెలీదు. తెల్లారకముందే ఎగువ గుడి కాడ మొదలుపెట్టాల. భవనాశిని వంక పట్టుకొని రాళ్లమీద పోతే జ్వాలా నరసింహుడి గుడి వస్తాది, పైనుంచి నీళ్లు తలమీద పడతాంటాయి. ఆడ్నుంచి ఉగ్రస్తంభానికి చేతులూ కాళ్లూ రెండూ పెట్టి పాకాల. ఎక్కేది ఒక ఎత్తు, దిగేది ఇంకా నరకం. మళ్లీ మాలోల, మళ్లీ ప్రహ్లాద బడి. ఆడ నున్నటి బండ, కాలు జారితే ఎముక దొరకదు. ఇంత అయినాక పావన నరసింహుడి గుడి. పావనకు పొయ్యేది దావే గాదు, అడివిలో రాళ్లు. ఆడ్నుంచి చుట్టు తిరిగి మళ్లీ ఎగువ గుడికి దిగేతలికి పొద్దుగూకుతాది. నేను అప్పుడు నలభై ఎనిమిదేండ్ల దాన్ని కాబట్టి పోయినా. ఇప్పుడు నా మోకాళ్లు నీళ్ల బిందె ఎత్తుకుంటేనే కూలబడతాండాయి.

ఇప్పుడు వంక నిండా పారతాండాది. అడివిలో పోలీసోళ్ల తిరుగుడు గూడా ఎక్కువైంది. పాపయ్య ఇప్పుడు ఎవురినీ కొండకు తీసకపోడు, ఆ గొడవ అయినాక గుడి కాడ ఎవురూ ఆయప్పను పిలవడం లేదు. తేనె, గడ్డలు తెచ్చి అమ్ముకుంటాండాడు. ఆ పేదోన్ని మళ్లీ ఏంటికి లాగుతావు?

పావన కాడ అందరం కూచొని పులిహోర తిన్న్యాం. ఆడిదాకా తమ్ముడు నా పక్కనే ఉన్న్యాడు. ఆ తర్వాత నాకు గుర్తులేదు. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్తా.

బొట్టు ఉంచుకోవాలంటే ఉంచుకో. మీ అన్న పోయినప్పుడు నాది తుడిచేసిరి, ఏమన్న ఆగిందా? పొద్దన్నే లేస్తాండా, సంగటి కెలుకుతాండా. చిన్నాయనకు నేను చెప్తాలే. కొండ మాట మాత్రం వదిలెయ్.

కమలాక్షమ్మ


నంద్యాల
19-8-2001

వదినకు,

నీ ఉత్తరం నన్ను ఆపేదానికి రాసినావు. నాకు అది దావ కాగితం మాదిరి పనికొచ్చింది. గోడకు అతికించినా. జ్వాలా, ఉగ్రస్తంభం, మాలోల, ప్రహ్లాద బడి, పావన. పొద్దన బడికి పోయే ముందు ఒకసారి చదువుకుంటా.

కాళ్లకు అలవాటు చేస్తాండా. పోయిన సోమవారం మహానందికి నడిచిపోయినా. తెల్లారుజామున బయలుదేరి ఎండ ఎక్కేలోపల చేరినా. తిరిగి బస్సులో వస్తి, కాళ్లు వాచిపాయె, రెండు దినాలు పిల్లోళ్లకు కూచొనే పాటలు చెప్పినా. ఈ సోమవారం పోయేదీ వచ్చేదీ రెండూ నడిచినా. పక్కింటి శివమ్మ నన్ను చూసి, "యాడికి మే, ఒంటిగా, ఇట్ల పిచ్చిదాని మాదిరి" అని అడిగె. "మొగుడి కాడికి" అన్న్యా. నోరెళ్లబెట్టి ఇంట్లోకి పాయె. నేను నవ్వినా వదినా. చానా దినాలకు నవ్వొచ్చింది. దావలో ఏడిస్తి.

ఒక మాట. ఏడేండ్ల కింద పోలీసోళ్లు అడిగినప్పుడు "జనాల్లో యాడుండాడో చూసుకోలే" అని చెప్పినావు. ఇప్పుడేమో పావన దాకా పక్కనే ఉన్న్యాడని రాసినావు. అదన్నా తెలిసె, సంతోషం. పావన తర్వాత ఎంత దూరం దాకా ఉన్న్యాడు? ఒక చెట్టు గానీ, బండ గానీ ఏదన్నా గుర్తుంటే రాయి. నాకు కావాల్సింది ఆ జాగా. ఎముక దొరికినా చాలు. ఈడ పడినాడు, ఈడ పోయినాడు అని తెలిస్తే నా చేత్తో నేనే బొట్టు తీసుకుంటా, ఎవురూ తీయనక్కరలే. జాగా తెలీకుండా దర్భల బొమ్మను మొగుడని ఎట్ల కాల్చేది?

పాపయ్య పేదోడా? పేదోళ్లకు లెక్క రాదా?

జయలక్ష్మి


ఆళ్లగడ్డ
20-9-2001

జయా,

జవాబు ఆలస్యమైంది, జ్వరం. ఇప్పుడు తగ్గింది.

చింతకాయ తొక్కు చేసినా, బస్సు కండక్టరు చేత పంపిస్తాండా, పోయి తీసుకో. నీకు ఇష్టమని ఉప్పు తగ్గించినా.

ఏ చెట్టు, ఏ బండ అని అడుగుతావు. అది అడివి జయా, అన్నీ ఒకే మాదిరి ఉంటాయి. నీళ్లు తెస్తా అన్న్యాడు. అంతే. అందరం అలిసిపోయినాం, ఎవురి కాళ్లు వాళ్లకు బరువైపాయె. ఏడేండ్లు అయినాక ఆడ ఏముంటాది? ఎలుగుబంట్లు, చిరుతపులులు ఉండే అడివి. దొరికేదేదో అప్పుడే దొరికుండేది.

నేను రాలేను. మోకాళ్లు ఒక్కటే గాదు. ఆ దావ చూస్తే నాకు గుండె ఆగిపోతాది. నువ్వు నన్ను అడగొద్దు.

తొక్కులో నూనె పోసుకొని తిను. ఒళ్లు చూసుకో.

కమలాక్షమ్మ


నంద్యాల
11-10-2001

వదినకు,

తొక్కు అందింది. బాగుండాది.

నువ్వు రాకపోతే మానెయ్. లూదియా అని ఒకామె నాతో పాటు ట్రైనింగులో ఉండె, ఇప్పుడు అహోబిలం కొండ కింద చెంచుల గూడెంలో అంగన్‌వాడీ టీచరు. ఆమెకు జాబు రాస్తి. ఆమె పాపయ్య భార్య తిరుపతమ్మతో మాట్లాడె. తిరుపతమ్మ నా పేరు వినంగనే గొంతు చించుకొని తిట్టిందంట. పాపయ్య మాత్రం "రమ్మను" అన్న్యాడంట. ఏం ఇస్తారని గూడా అడగలేదంట.

ఇరవై ఏడో తారీకు శనివారం పోతాండా. శుక్రవారం లూదియా ఇంట్లో పండుకుంటా. బ్యాగులో రొట్టెలు, బెల్లం, నీళ్లు, ఒక తెల్ల గుడ్డ. గుడ్డ ఏంటికో నీకు చెప్పనక్కరలేదు గదా.

నువ్వు "నీళ్లు తెస్తా అన్న్యాడు" అని రాసినావు. ఎవురితో అన్న్యాడు వదినా? యాడ? ఇది గూడా పోలీసోళ్లకు చెప్పలే నువ్వు. నీకు గుర్తులేదు గుర్తులేదు అంటూనే ఒక్కో ఉత్తరానికి ఒక్కో మాట గుర్తొస్తాండాది.

జయలక్ష్మి


నంద్యాల
31-10-2001

వదినకు,

పోయొచ్చినా. నడిచినా, మొత్తం. ఒక్క దినంలో.

మూడు దినాలు మంచం దిగలే, అందుకే ఇప్పుడు రాస్తాండా. కుడికాలు బొటనేలు గోరు ఊడిపాయె. అది వదిలెయ్.

తెల్లారకముందే గుడి కాడ పాపయ్య నిలబడి ఉన్న్యాడు. ముసలోడైపాయె. నేను మనసులో ఏడేండ్లుగా తిడతాండిన మనిషి గట్టిగా, బలంగా ఉండె. ఎదురుగా ఉన్న్యాయప్పకు మెడ ఎముకలు బయటికొచ్చినాయి. తిడదామనే పోతి. ఆయప్ప నా చేతికి ఒక వెదురుకట్టె ఇచ్చి ముందర నడిచె.

నువ్వు రాసింది నిజమే, అది నరకమే. ఉగ్రస్తంభం కాడ నాకు కళ్లు తిరిగె. పాపయ్య నా చెయ్యి పట్టుకోల్యా, తన కట్టె కొన నాకిచ్చి రెండో కొన తను పట్టుకొని లాగె. పైన నిలబడితే నల్లమల అంతా కనపడె. నేను అనుకున్న్యా గదా, ఆడికి పోతే ఏదో తెలుస్తాదని. అంత అడివి చూసినాక నా ఆశ ఆడనే చచ్చిపాయె వదినా. ఎన్ని కొండలు, ఎన్ని లోయలు. తొమ్మిది దినాలు గాదు, తొమ్మిదేండ్లు ఎతికినా యాడని ఎతకేది? అయినా దిగి, పావనకు పోతి. పావన నుంచి దిగే దావలో ప్రతి వంక కాడ ఆగితి, పేరు పెట్టి పిలిస్తి. పెండ్లయినాక మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచింది. నరసింహులూ, నరసింహులూ అని. కోతులు అరిచె.

ఏమీ దొరకలే. తెల్ల గుడ్డ మడిచింది మడిచినట్లే తెచ్చినా.

కింద గుడి కాడికి వచ్చినాక అడిగితి. "పాపయ్యా, ఆ పొద్దు లెక్క ఎట్ల తప్పితివి? ఇరవై మూడు తలకాయలు లెక్కబెట్టేది అంత కష్టమా?" అని. ఆయప్ప కోపం చేసుకోల్యా. "అమ్మా, మేము తలలు లెక్కబెట్టం, కట్టెలు లెక్కబెడతాం" అన్న్యాడు. కొండ ఎక్కేముందు ఒక్కో మనిషికి ఒక్కో కట్టె ఇస్తారంట. దిగినాక ఎవురూ వరసలో నిలబడరు గదా, టీ కొట్టుకో, కొళాయి కాడికో, వ్యాన్‌లో సీటుకో పరిగెత్తుతారు. కట్టె మాత్రం వాళ్ల ముందర పడేసి పోతారు. కట్టె లేకుండా పావన దావ దిగే మనిషి లేడంట. వాళ్ల నాయన గూడా అట్లే లెక్కబెట్టెనంట, ఒక్క మనిషీ తప్పలేదంట.

"ఆ పొద్దు ఇరవై మూడు ఇచ్చినా, ఇరవై మూడు వచ్చినాయి. మూడు సార్లు లెక్కబెట్టినా. ఈ మాట అప్పుడు చెప్తే ఎవురూ వినల్యా" అన్న్యాడు.

నా చేతిలో ఉన్న కట్టెను ఆయప్ప ముందర పెడితి.

ఆయన దిగల్యా వదినా. ఆయన కట్టె దిగింది. ఎవురో తెచ్చి కుప్పలో పడేసిరి. పాపయ్య చెప్పె, అందరికంటే కడాకు దిగింది ఆళ్లగడ్డ అక్క అని. నీకు తెలిసే ఉంటాది. ఎవురు తెచ్చిరో రాయి. ఈసారి జ్వరమని రాయొద్దు.

జయలక్ష్మి


ఆళ్లగడ్డ
8-11-2001

జయా,

నేనే.

పావన నుంచి కొంచెం దూరం దిగినాక నాకు మోకాళ్లు పట్టేసె. అందరూ ముందర పోయిరి. తమ్ముడు నా కోసం నిలబడె. "అక్కా, నాది గూడా పట్టుకో, రెండు చేతులకు రెండు" అని తన కట్టె నాకిచ్చినాడు. ఇంకొంచెం దిగినాక నేను దప్పి అంటి. "నువ్వు మెల్లగా పోతాండు, నేను వంక కాడికి దిగి నీళ్లు పట్టుకొని అడ్డదావన వస్తా. నీకంటే ముందే గుడి కాడుంటా చూడు" అన్న్యాడు. నవ్వి పాయె. అది ఎడమచేతి పక్క. ఏ వంకో నాకు నిజంగా తెలీదు, ఒట్టు.

నేను చానాసేపు దిగితి. గుడి కాడ పాపయ్య "కట్టెలు, కట్టెలు" అని అరుస్తాండాడు. రెండూ కుప్పలో పడేస్తి. ముందే ఉంటా అన్న్యాడు గదా, ఉంటాడులే, వ్యాన్ ఎక్కి ఉంటాడులే అనుకుంటి. ఆళ్లగడ్డకు ఆఖరు జీపు పోతాండాది, రండి రండి అంటే ఎక్కితి. ఎనక్కి తిరిగి చూడలే జయా. మోకాళ్ల నొప్పిలో చూడలే.

మూడో దినం, నువ్వు ఇంకా రాకముందు, మీ అన్న గుడి కాడ అందరి ముందర పాపయ్య చెంప మీద కొట్టె. పాపయ్య, "సామీ, నా కట్టెలు సరిపోయినాయి" అని ఏడుస్తాండాడు. ఆ మాట వినంగనే నాకు తెలిసె, నేనేం చేసినానో. చెప్పేదానికి నోరు తెరిస్తి. అంతలో ఇంకొకరు కొట్టిరి. ఇంత మంది కొట్టినాక, ఇప్పుడు తప్పు నాది అని ఎట్ల చెప్పేది? మాపు చెప్తాలే అనుకుంటి. రేపు చెప్తాలే అనుకుంటి. నువ్వు వచ్చి నన్ను కరుచుకొని ఏడిస్తివి. ఆ తర్వాత ఇంక చెప్పే జాగా లేకపాయె.

మీ అన్న పోయినాక గూడా చెప్పల్యా. ఆయన భయం ఏమీ లేదు, నాకు నువ్వంటేనే భయం. నాకు తమ్ముడు పోయినాడు, నువ్వు గూడా పోతే ఇంకెవురుండారు?

తిట్టు. ఎంత తిట్టినా పడతా. చిన్నాయనకు, ఊరికి, పోలీసోళ్లకు, ఎవురికి చెప్పుకున్నా చెప్పుకో. ఇన్నేండ్లూ నేను తిన్నది తిండి గాదు, పండుకున్నది నిద్ర గాదు. ఇది నీకు జాలి పుట్టాలని రాయడం లేదు. ఉండేది రాస్తాండా.

కమలాక్షమ్మ


నంద్యాల
19-11-2001

వదినకు,

నీ ఉత్తరం వచ్చి వారం దాటె. మొదటి దినం చించేద్దామనుకుంటి. రెండో దినం ఆళ్లగడ్డకు వచ్చి నీ జుట్టు పట్టుకుందామనుకుంటి, బస్టాండు దాకా వస్తి గూడా. ఆడ నిలబడినాక, ముందర తెలియాల్సింది నీకూ నాకూ గాదు అనిపించె. అహోబిలం బస్సు ఎక్కితి.

గూడెంలో పాపయ్య ముందర కూచొని నీ ఉత్తరం మొత్తం చదివితి. ఆయప్పకు చదువు రాదు గదా. విని, "ఇంకోసారి చదువమ్మా" అన్న్యాడు. మళ్లీ చదివితి. తిరుపతమ్మ నా మీదికొచ్చె. "ఏడేండ్లు నా మొగుడిని అందరూ మనిషిని మింగినోడని అంటిరి. మా గడపలో పిల్లనిచ్చేదానికి, తీసుకునేదానికి జనం ఆలోచించిరి. ఇప్పుడు కాగితం చదివి పోతావా?" అని. ఆమె కాళ్లు పట్టుకుంటి. విడిపించుకొని లోపలికి పాయె. గుడి కాడ నలుగురిని పిలిచి, వాళ్ల ముందర గూడా చదివి వచ్చినా. నీ పేరుతో సహా చదివినా. అది నువ్వు చేయాల్సిన పని, నేను చేసినా.

"అయితే నా లెక్క తప్పలే" అన్న్యాడు పాపయ్య. ముఖంలో సంతోషం లేదు. మళ్లీ, "నేనూ ఒకటి దాచినానమ్మా" అన్న్యాడు.

ఇది నీకు రాయగూడదని నాలుగు దినాలు పెన్ను ముట్టలే. నీ మీద కోపం చల్లారేదానికి రాయడం లేదు వదినా. నేనొక్కదాన్నే దీన్ని మోయలేక రాస్తాండా.

ఆ పొద్దు వ్యాన్, జీపు అన్నీ పోయినాక, పొద్దుగూకేటప్పుడు, పాపయ్య కట్టెలు మోపు కట్టుకొని గూడేనికి పోతాండాడంట. పావన దిక్కు నుంచి ఎవురో పిలిచినట్ల వినపడెనంట. నిలబడి విన్న్యాడంట. మళ్లీ వినపడెనంట. "అక్కా" అని. రెండు సార్లు. ఎనక్కి తిరిగి నాలుగు అడుగులు గూడా ఎక్కినాడంట. అప్పుడు భుజం మీద మోపు చూసుకున్న్యాడంట. ఇరవై మూడూ ఉండాయి గదా, మనోళ్లు ఎవురూ పైన లేరు గదా, తేనెకు పోయినోళ్లు ఎవురో ఒకర్నొకరు పిలుచుకుంటాండారు అనుకొని ఇంటికి పాయెనంట. మూడో దినం నిజం తెలిసినాక, ఇది చెప్తే చంపేస్తారని చెప్పల్యా. రోజూ ఆ ఏళకు గూడెం బయట నిలబడి ఆ దిక్కు చూస్తాడంట. తిరుపతమ్మకు గూడా ఏంటికో తెలీదంట.

ప్రాణంతో ఉన్న్యాడు వదినా. మనం నంద్యాలలో, ఆళ్లగడ్డలో అన్నం తిని పండుకున్నప్పుడు ఆడ ప్రాణంతో ఉన్న్యాడు. కాలిరిగెనో, యాడన్న ఇరుక్కునెనో. ఎన్ని దినాలు పిలిచెనో తెలీదు.

ఆంజనేయులు మామకు సరే అని చెప్పినా. దశమి ఈ ఆదివారం. బంధువులు పదిమంది గూడా రారు. దర్భలు మామ తెస్తాడంట.

నిన్ను క్షమించినానని రాయలే. రాయలేను. ఇంటికొస్తే నీ ముఖం చూసి మాట్లాడగలనో లేదో గూడా తెలీదు. కానీ నేను ప్రతి వంక కాడ ఆయన్ని పేరు పెట్టి పిలిచి వచ్చినా, ఆయన మాత్రం ఆ పొద్దు పిలిచింది నన్ను గాదు, నిన్ను. బొమ్మకు నిప్పు పెట్టేటప్పుడు నువ్వు ఆడ లేకపోతే ఎట్ల? శనివారం సాయంత్రం బస్సుకు వచ్చెయ్.

జయలక్ష్మి